సైకిల్ వెనుక దీపం మిణుకుమనాలా, నిలకడగా వెలగాలా?

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు, ప్రకాశం బ్యారేజీ మీదుగా తాడేపల్లికి చీకటి పడ్డాక సైకిల్‌పై వెళ్లే నాకు అనుభవజ్ఞుల సలహా కావాలి.

మిణుకుమనే ఎర్ర దీపం దూరం నుంచే కంటబడుతుంది, ఛార్జింగ్ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే ఆ సైకిల్ ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో వెనుక వచ్చేవారు అంచనా వేయడానికి నిలకడైన వెలుగే మేలని కొందరంటారు. జర్మనీలో సైకిల్‌కు బిగించే దీపాలు మిణుకుమనకూడదని నిబంధన ఉండగా, బ్రిటన్‌లో 2005 నుంచి నిమిషానికి 60 నుంచి 240 సార్లు మిణుకుమనే దీపాలను అనుమతిస్తున్నారు. ఈ రెండూ తెలిశాక నా సందేహం తీరకపోగా పెరిగింది.

బందరు రోడ్డుపై దుకాణాల బోర్డులు, ఆటోల వెనుక రంగురంగుల బల్బులు, ఇండికేటర్లు అన్నీ మిణుకుమంటూనే ఉంటాయి కనుక వాటిలో నా చిన్న దీపం కలిసిపోదా అన్నది మొదటి అనుమానం. సీటు కింద నిలకడ దీపం, హెల్మెట్‌కు మిణుకు దీపం కలిపి వాడినవారు ఉన్నారా? తొక్కేటప్పుడు పైకీ కిందికీ కదిలే రిఫ్లెక్టర్ పట్టీని చీలమండకు కట్టుకుంటే, హెడ్‌లైట్లు పడినప్పుడు మనిషని త్వరగా గుర్తిస్తారట. వానలో అది ఎంతవరకు పనిచేస్తుందో కూడా దయచేసి తెలియజేయగలరు.