పాస్ట్రామిని తెలుగులో ఏమనాలి?

ఒక కథ అనువదిస్తున్నానండీ. న్యూయార్క్‌లో ఒక మాంసం కొట్టు. గాజు పెట్టెలో పాస్ట్రామి, కార్న్డ్ బీఫ్ ఉంటాయి. మాంట్రియల్ నుంచి వచ్చిన ఒకాయన మా ఊరి స్మోక్డ్ మీట్ ముందు ఇవెంత అంటాడు. కార్న్డ్ బీఫ్‌ని "మొక్కజొన్నతో వండిన గొడ్డుమాంసం" అని రాసి, అనుమానమొచ్చి కొట్టేశాను. మూడింటినీ "పొగబెట్టిన మాంసం" అనేస్తే సరిపోతుందా?

— కొట్టేసి మంచి పని చేశారు. అక్కడ కార్న్ అంటే గింజ, అంటే గింజలంత ఉప్పు పలుకులు. మన కల్లుప్పు లాంటిదన్నమాట. పైగా కార్న్డ్ బీఫ్‌కి పొగే తగలదు. ఉప్పునీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఉడకబెడతారు, అంతే. "పొగబెట్టిన" అన్నా చిక్కే, పొమ్మనలేక పొగబెట్టినట్టుంటుంది.

— ఊరిన కాయ ఊరగాయ అయినప్పుడు, ఊరిన మాంసం ఊరమాంసం ఎందుకు కాకూడదు?

— ఊరమాస్‌లా ఉంది సార్. వద్దు.

— నేను కొన్నాళ్లు మాంట్రియల్‌లో ఉన్నాను, నాకు తెలిసింది చెప్తాను. న్యూయార్క్ పాస్ట్రామికి పాత పద్ధతిలో పొట్టవైపు కొవ్వు ముక్క తీసుకుంటారు. ఉప్పునీళ్లలో ఊరబెట్టి, మిరియాలు, ధనియాలు దట్టంగా పట్టించి, పొగ మీద పెట్టి, చివర్లో ఆవిరి పడతారు. మాంట్రియల్‌లో అయితే రొమ్ము ముక్క. నీళ్లుండవు, ఉప్పూ మసాలా పొడిగానే రుద్ది వదిలేస్తారు. తీపి తక్కువ, మిరియం ఘాటెక్కువ. ఉడికినా మాంసం ఎర్రగానే ఉండేది ఒకప్పుడు సురేకారం వల్ల, ఇప్పుడు నైట్రైట్ వల్ల.

మొదటిసారి వెళ్లినప్పుడు "లీనా, మీడియమా, ఫ్యాటా?" అని అడిగారు. సైజు అనుకుని మీడియం అన్నాను. అడిగింది కొవ్వు గురించి! మాంసాన్ని చేత్తోనే, కత్తితో కోసి, ఆవాల ముద్ద రాసిన రై బ్రెడ్‌లో కుక్కి ఇచ్చారు. అంచున మిరియాల నల్లటి పొర, మధ్యలో వేడికి కరుగుతున్న కొవ్వు. మీడియమే రైటు, లీన్ అయితే పీచుపీచుగా ఉంటుంది.

— మాట పుట్టుక కూడా చూడండి. టర్కీలో పాస్తిర్మా అంటారు, "బస్తిర్మక్" అంటే అదిమిపెట్టడం. కైసెరి ఊరిది పేరుమోసింది. ఉప్పు పట్టించి, బరువు కింద అదిమి, మెంతిపిండి, వెల్లుల్లి, ఎర్ర మిరప కలిపిన ముద్ద పూసి గాలికి ఆరబెడతారు. దీనికీ పొగ లేదు. ఆ మాట రొమేనియాలో పస్త్రామా అయింది, అక్కణ్ణుంచి యూదులతో న్యూయార్క్ చేరింది. చివర "మి" సలామి చూసి వచ్చిందంటారు. మాంట్రియల్‌లో 1928లో ష్వార్ట్జ్ కొట్టు పెట్టినాయనా రొమేనియా యూదుడే. అందుకే పాస్ట్రామి, స్మోక్డ్ మీట్ దాయాదుల్లా పోట్లాడుకుంటాయి.

— మెంతులు వినగానే నోరూరింది. మా తెలంగాణలో ఒట్టి తునకలున్నాయి కదా? మాంసాన్ని సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఆరేస్తారు. ఒట్టి అంటే ఎండిన అని, గొడ్డు వట్టిపోయింది అన్నట్టే. పాస్తిర్మాకైతే అది కొంచెం దగ్గర. పాస్ట్రామికి వాడొద్దు, అది ఆవిరికి మెత్తబడ్డది, ఇది కూర చేస్తే గానీ మెత్తబడదు.

— అందరికీ థాంక్సండీ. పేర్లు మూడూ అలాగే ఉంచేస్తున్నాను. అన్నట్టు, కథలో ఆ మాంట్రియల్ ఆయన కూడా మీడియం అడుగుతాడు. నేను "మరీ పెద్దది వద్దు" అని రాసిపెట్టాను. ఇప్పుడే వెళ్లి మారుస్తా.