చూడ చూడనా, చూడఁ జూడనా?

(విశాఖ పేటల పేర్లతో మాట్లాడుకుంటున్న నలుగురి చర్చ)

వాల్తేరు: వేమన పద్యాల ఫైల్లో ‘చూడ చూడ రుచుల’ కోసం ఆక్‌తో (awk, ఫైళ్లలో వరుసలు వెతికే కంప్యూటర్ సాధనం) వెతికితే ఒక్క వరుసా రాలేదు. ‘ఉప్పు కప్పురంబు’ అని ఇస్తే మొదటి పాదం మాత్రం వచ్చింది. తెరిచి చూస్తే రెండో పాదం ‘చూడఁ జూడ’ అని ఉంది. బడిలో మనమంతా ‘చూడ చూడ’ అనే చదివాం కదా! ఏది అసలు పాఠం?

సీతమ్మధార: ‘చూడన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీది పరుషం ‘చ’ సరళం ‘జ’ అవుతుంది. ‘జూ’యే.

గాజువాక: ఆక్‌కు సంధి తెలియదండి. చ, జ, అరసున్న దానికి వేరువేరు సంకేతాలు. /చూడ(ఁ)? ?(చూ|జూ)డ/ అని ఇవ్వండి, రెండు పాఠాలూ చిక్కుతాయి. అరసున్నకు కుండలీకరణాలు తీసేయకండి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం 3 బైట్లు; బైట్లుగా చదివే పాత ఆక్‌లో ఆ ప్రశ్నార్థకం చివరి బైటుకే అంటుకుంటుంది. పద్యాల మధ్య ఖాళీ వరుసలుంటే రికార్డుల విభజన గుర్తును (RS) ఖాళీగా ఉంచండి, పద్యం మొత్తం వస్తుంది.

మద్దిలపాలెం: సూత్రం సరే మాస్టారూ, వేమన సూత్రం చూసి చెప్పాడా? జనం నోట నిలిచింది ‘చూడ చూడ’. బ్రౌన్ 1829లో అచ్చు వేయించే నాటికే ఈ పద్యాలు ఎన్ని నోళ్లు, ఎన్ని తాటాకులు దాటి వచ్చాయి! ‘జూ’ ప్రతులు సరిదిద్దిన పరిష్కర్తల చేతిదని నా గట్టి నమ్మకం.

సీతమ్మధార: చెవితో వినండి. ‘జూడ’ తర్వాత ‘జాడ’. ఆ జకారం కవి కావాలని వేసిందే.

మద్దిలపాలెం: ‘జాడ’ యతిస్థానం, పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాల్సిన చోటు. అది చూడాల్సింది పాదం మొదటి ‘చూడ’ వైపు. చూ, జా హల్లులు కలిసినా అచ్చులు కలవవు. బదులుగా రెండో అక్షరం ‘డ’ను కలిపి ప్రాసయతి వేసి గట్టెక్కించాడు. మీ ‘జూ’కు అక్కడ పనే లేదు.

సీతమ్మధార: ఈ పద్యం ఆటవెలది ఛందస్సులో కాబట్టి చెల్లింది. కందంలో ప్రాసయతి కుదరదు. 1910లో మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ, వచన కవితకు అంత ఊపు తెచ్చినవాడు, ‘సిరిసిరిమువ్వా’ మకుటంతో కందాలు అల్లాడు. ఛందస్సును వదిలిపెట్టగలిగింది అంత బాగా తెలిసినందువల్లనే!

గాజువాక: ఆ కందాలు టైపు చేసినవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ‘మువ్వా’ మీద వెతికితే చాలు, శతకమంతా వరుసగా దిగుతుంది.

వాల్తేరు: గాజువాక గారి నమూనా పనిచేసింది, ధన్యవాదాలు. నా రెండు ఫైళ్లలో ఒకదాంట్లో ‘చూ’, ఇంకోదాంట్లో ‘జూ’! అది సరే, ‘కప్పురంబు నొక్క’లో నకారాన్ని ఎటు చేర్చి టైపు చేయాలి?