విగ్నర్-విల్ చిత్రంలో మధ్యలో వచ్చే దొంగ గీతను ఎలా తగ్గించాలి?

నమస్కారం. సిగ్నల్‌లో ఏ క్షణాన ఏ పౌనఃపున్యం ఉందో గీతలుగా చూపే పద్ధతుల్లో విగ్నర్-విల్ ఒకటి. నా 1 సెకను సిగ్నల్‌లో రెండు చర్ప్‌లు (కాలంతో పాటు పౌనఃపున్యం మారుతూ పోయే తరంగాలు) ఉన్నాయి. ఒకటి 50 నుంచి 250 హెర్ట్జ్‌కి, రెండోది 70 నుంచి 270కి పాకుతుంది. శాంప్లింగ్ 1000 హెర్ట్జ్. స్పెక్ట్రోగ్రామ్‌లో (సిగ్నల్‌ని చిన్న ముక్కలు చేసి పౌనఃపున్యాలు చూసే పద్ధతి) విండో, అంటే ముక్క పొడవు, పెంచినా తగ్గించినా గీతలు సరిగ్గా విడిపోవడం లేదు. విగ్నర్-విల్‌లో రెండూ సన్నగా, ముచ్చటగా వస్తున్నాయి కానీ సరిగ్గా మధ్యలో, 60 నుంచి 260 దాకా, లేని మూడో గీత మెరుస్తోంది. అసలు గీతలకన్నా అదే ప్రకాశంగా ఉంది!

హిల్బర్ట్‌తో అనలిటిక్ సిగ్నల్ (రుణ పౌనఃపున్యాలు తీసేసిన రూపం) ముందే తీసుకున్నాను, కాబట్టి రుణ పౌనఃపున్యాల గొడవ కాదు. దొంగ గీత సెకనుకు 20 సార్లు ధనం, రుణం మారుతోంది. అందుకని కాలం దిశలో స్మూతింగ్ (సగటు తీసి నునుపు చేయడం) చేశాను. అది పోవాలంటే కనీసం 50 మిల్లీసెకన్లు కావాలి. ఆలోపు చర్ప్ 10 హెర్ట్జ్ జరిగిపోయి అసలు గీతలే లావెక్కుతున్నాయి. చోయి-విలియమ్స్ కెర్నల్‌లో (దొంగ గీతలను అణచే ఒక వడపోత) సిగ్మా, అంటే ఆ అణచివేత బలాన్ని నిర్ణయించే సంఖ్య, తగ్గించినా అదే తంతు. ఆంబిగ్విటీ తలంలో (కాలంలో, పౌనఃపున్యంలో జరుగుడును అక్షాలుగా తీసుకునే తలం; వడపోత పనిచేసేది ఇక్కడే) చర్ప్ ఏటవాలుగా ఉంటుంది, ఆ కెర్నలేమో అక్షాలనే కాపాడుతుంది కదా.

ఆ వాలుకు తగ్గట్టు కెర్నల్‌ని తిప్పడం మంచిదా, లేక సిగ్నల్‌ని బట్టి మారే రేడియల్ గాసియన్ కెర్నల్ వాడాలా? నాయిస్ ఉన్నప్పుడు ఏది నిలబడుతుందో చేసి చూసినవాళ్లు చెప్పగలరా?