మరియా హెర్తోగ్ కేసు: అమీనా వైపు కథ ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. 1950లో సింగపూర్‌ని కుదిపేసిన మరియా హెర్తోగ్ కేసు గురించి చదువుతున్నాను. జావాలో డచ్ క్యాథలిక్ ఇంట్లో పుట్టిన పిల్ల, జపాన్ ఆక్రమణ రోజుల్లో అమీనా అనే ముస్లిం ఆమె దగ్గర పెరిగి, నద్రా అనే పేరుతో ముస్లిం అయింది. కన్నవాళ్లు కోర్టుకెక్కారు. 13 ఏళ్లకే ఆ పిల్లకి పెళ్లి చేశారు (అది నాకు అస్సలు మింగుడుపడలేదు). తండ్రి దేశమైన నెదర్లాండ్స్ చట్టం ప్రకారం ఆ పెళ్లి చెల్లదని జడ్జి తేల్చి, పిల్లని కన్నవాళ్లకే ఇమ్మన్నారు.

తర్వాత ఆ పిల్లని కాన్వెంట్‌లో (క్యాథలిక్ సన్యాసినుల మఠంలో) ఉంచారు. మేరీమాత విగ్రహం దగ్గర తీసిన ఆమె ఫోటోలు పేపర్లలో వచ్చాయి. ముస్లింలు రగిలిపోయారు. డిసెంబరు 11న మొదలైన అల్లర్లలో యూరోపియన్లు, యురేషియన్లు (యూరప్, ఆసియా మిశ్రమ సంతతివాళ్లు) కనిపిస్తే చాలు కొట్టారు. 18 మంది చనిపోయారు. మర్నాడే పిల్లని విమానం ఎక్కించేశారు.

నా మనసు మాత్రం అమీనా దగ్గరే ఆగిపోయింది. అన్నేళ్లు పెంచిన పిల్ల అలా వెళ్లిపోతే ఆవిడ ఎలా బతికిందో!

మలేషియా, సింగపూర్‌లలో ఉంటున్న తెలుగువాళ్లలో మలయ్ చదవగలిగినవాళ్లు ఉంటే, ఆవిడ గురించి ఆ భాషలో ఏం రాశారో చెప్పగలరా? ఆ రోజుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినవి ఏవైనా గుర్తుంటే అవీ రాయండి, ప్లీజ్.