పాల్మ్సే దొర బంగళా: కాపాడింది ఎవరి చరిత్రని?

తీరవాసి: ఎస్టోనియాలోని పాల్మ్సే మేనర్ (దొర బంగళా, ఎస్టేటు) ఫొటోలు ఇక్కడ చాలానే చూశాం. గులాబీ రంగు గోడలు, చెరువు, తోట. 1670ల నుంచి 1923 దాకా ఫాన్ డెర్ పాలెన్ అనే జర్మన్ కుటుంబానిది. ఇంత అందంగా బాగుచేసి, దొరలు బతికిన తీరునే చూపించడం నాకు నచ్చలేదు. ఆ పొలాల్లో వెట్టి చేసింది ఎస్టోనియన్ రైతులు. 1816లో వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చారు కానీ భూమి దొరల దగ్గరే ఉండిపోయింది. ఆ భూమిలో బతకాలంటే మళ్లీ దొర పొలానికే పనికి వెళ్లాలి. అది స్వేచ్ఛ ఎలా అవుతుంది?

పాతగోడ: మీ బాధ అర్థమైంది, కానీ కోపం ఇంటి మీద ఎందుకండీ? 1919 భూసంస్కరణతో దొరల ఎస్టేట్లు ప్రభుత్వపరమయ్యాయి. తర్వాత చాలా భవనాలు పాడుబడ్డాయి. బడులు నడిచినవి నిలిచాయి. పాల్మ్సేలో సోవియట్ కాలంలో పిల్లల శిబిరం నడిచింది. 1970ల్లో మొదలుపెట్టి 1986కల్లా దాన్ని నిలబెట్టింది ఎస్టోనియన్లే, అంటే ఆ రైతుల మనవలు. తాతల చెమటతో లేచిన ఇల్లు మాదే అని వాళ్లు అన్నట్టే కదా.

తీరవాసి: మాదే అంటే తాతలు కూడా అందులో కనబడాలి. 1858లో మాహ్త్రా అనే ఊళ్లో రైతులు అదనపు వెట్టికి రామని ఎదురు తిరిగి సైనికులతో తలపడ్డారు. ప్రాణాలు పోయాయి, తర్వాత కొరడా దెబ్బలు తిన్నారు. 1905లో మేనర్లు తగలబెట్టిందీ ఆ కడుపు మంటతోనే.

రైలుకట్ట: పాలెన్లలో అలెక్సాండర్ 1870లో తాలిన్‌ (ఇప్పటి ఎస్టోనియా రాజధాని)–పీటర్స్‌బర్గ్ రైలు మార్గం రావడానికి పూనుకున్నాడు. అది కూడా లెక్కలోకి రావాలి.

తీరవాసి: తప్పకుండా రావాలి. ఆ రైలు దొరల సరుకుకి కూడా దారి అయిందని పక్కనే రాయాలి.

పాతగోడ: ఈ మాట ఒప్పుకుంటాను. అక్కడి మేనర్లకి పెద్ద రాబడి సారా బట్టీల నుంచే వచ్చేది, రైతు పండించిన ధాన్యం సారా అయి పీటర్స్‌బర్గ్ వెళ్లేది. పాల్మ్సేలో ఆ బట్టీ ఇప్పుడు హోటల్. చూడ్డానికి వచ్చినవాళ్లని హాల్లోకి కాదు, ముందు ఆ బట్టీ దగ్గరికి తీసుకెళ్లాలి. ధాన్యం ఎవరిది, రాబడి ఎవరికి అన్నది చెప్పాకే బంగళా తలుపు తెరవాలి.

తీరవాసి: అలా చేస్తే ఆ గోడలకి వేసే ప్రతి కొత్త రంగునీ నేను సమర్థిస్తాను.