మాంద్యంలో నిర్మాణ పనుల వల్ల జిల్లాకు మిగిలేది ఎంత? లెక్క ఎలా కట్టాలి?

ప్రశ్న (జిల్లా_నివేదిక)

2020-21లో కరోనా దెబ్బ తగిలినప్పుడు మా జిల్లాకు నిర్మాణ రంగం ఎంత ఆసరా ఇచ్చిందో ఒక నివేదికలో చూపించాలి. టెండర్ల విలువ, స్థలాల రిజిస్ట్రేషన్ల విలువ కూడి, జిల్లా స్థూల ఉత్పత్తిలో శాతం తీస్తే సరిపోతుందా? మూలధన వ్యయానికి (రోడ్లు, భవనాల లాంటి ఆస్తులపై ప్రభుత్వ ఖర్చుకు) 2.45 గుణకం, అంటే రూపాయి ఖర్చుకు మొత్తం 2.45 రూపాయల ఆదాయం, వాడొచ్చని కూడా విన్నాను.

జవాబు 1 (గణాంకి)

ఆ రెండూ కూడకండి. టెండర్ విలువ టర్నోవర్ మాత్రమే. సిమెంటు, ఇనుము, కంకర, డీజిల్ ఖర్చు పోగా మిగిలే కూలీ, జీతాలు, వడ్డీ, లాభమే స్థూల ఉత్పత్తిలోకి వస్తుంది. నిర్మాణంలో అది సుమారు మూడో వంతు. సిమెంటు తయారీ రంగంలో, ఇసుక, కంకర గనుల రంగంలో ముందే లెక్కకెక్కి ఉంటాయి. ఇక స్థలం చేతులు మారినంత మాత్రాన కొత్తగా ఏదీ ఉత్పత్తి కాదు. అందులో పనికొచ్చేది బ్రోకర్ కమీషన్, రాతకోతల ఫీజులే.

వృద్ధి శాతాలతోనూ జాగ్రత్త. దేశంలో నిర్మాణ రంగం 2020 ఏప్రిల్-జూన్‌లో 49.5 శాతం పడింది, మరుసటి ఏడాది అదే త్రైమాసికంలో 68.3 శాతం పెరిగింది. చూడ్డానికి గొప్పగా ఉంది. కానీ 100 కాస్తా 50.5 అయి, అక్కడి నుంచి 85కి చేరింది. అంటే 2019తో పోలిస్తే ఇంకా 15 తక్కువే. అందుకే శాతాలు కాదు, 2019-20ని 100గా పెట్టి సూచీ వేయండి.

జిల్లా అంకె కూడా చాలావరకు రాష్ట్ర మొత్తాన్ని సూచికల ప్రకారం పంచిందే, విడిగా కొలిచింది కాదు. నివేదికలో ఆ మాట రాయండి.

జవాబు 2 (ఎస్టిమేటు_ఇంజినీర్)

డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే ఒక ఇల్లు విప్పి చూడండి. 1000 చదరపు అడుగుల శ్లాబు ఇంటికి మోటు లెక్కన 400 బస్తాల సిమెంటు, 3.5 నుంచి 4 టన్నుల ఇనుము, 1800 ఘనపుటడుగుల ఇసుక, 1350 ఘనపుటడుగుల కంకర పడతాయి. కంకర, ఇటుక, ట్రాక్టర్ కిరాయి దాదాపు పక్క మండలాల్లోనే ఉంటాయి. సిమెంటు డబ్బు సూర్యాపేట, కడప లాంటి సున్నపురాయి జిల్లాలకు మిగులుతుంది, మిగతా జిల్లాల్లో డీలర్ మార్జిన్, హమాలీ కూలీ తప్ప ఏమీ ఆగదు. ఇనుముదీ అదే సంగతి.

కూలీ లెక్కలో మరో చిక్కు ఉంది. పెద్ద సైట్లలో సెంట్రింగ్, రాడ్ బెండింగ్ గుంపులు ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వస్తాయి. తిండి, గది అద్దె ఇక్కడ పోగా మిగతాది ఊరికి పంపేస్తారు. అడ్డా కూలీలతో సాగే మరమ్మతులు, డ్రైన్లు, బడి గదుల పనుల్లో కూలీ వాటా ఎక్కువ, అదీ ఊళ్లోనే తిరుగుతుంది. నన్నడిగితే, మందగమనంలో పది కోట్ల వంతెన కంటే పది కోట్ల మరమ్మతులే త్వరగా కిరాణా కొట్టు దాకా చేరతాయి.

జవాబు 3 (బిల్లుల_బాధితుడు)

మంజూరైన తేదీ కాదు, బిల్లు పడిన తేదీ చూడండి. ఎం-బుక్ (చేసిన పని కొలతల పుస్తకం) రికార్డు, చెక్ మెజర్‌మెంట్ (పై అధికారి కొలతలు సరిచూడటం), ఆపై ట్రెజరీ. ఏది ఆగినా సైటు ఆగుతుంది. కోటి రూపాయల బిల్లులో ఎఫ్‌ఎస్‌డీ (పనికి పూచీగా ఆపి ఉంచే డిపాజిట్) 7.5 శాతం, కార్మిక సెస్సు 1 శాతం, ఆదాయపు పన్ను వ్యక్తులకు 1 శాతం, కంపెనీలకు 2 శాతం, జీఎస్టీ టీడీఎస్ (బిల్లులోనే ముందుగా పట్టుకునే పన్ను) 2 శాతం కోస్తారు. చేతికొచ్చేది 88 లక్షల దగ్గర. ఈఎండీ (టెండర్ కోసం కట్టే ధరావతు) 2.5 శాతం ముందే ఇరుక్కుని ఉంటుంది.

ఎస్సెస్సార్ (ప్రభుత్వ పనుల ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్లలో ఓవర్‌హెడ్, లాభం కలిపి ఇచ్చేది 13.615 శాతం. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెడితే, బిల్లు ఆరు నెలలు ఆగేసరికి 12 శాతం వడ్డీకే పోతుంది. అప్పుడు ముందు ఆగేది మేస్త్రీకిచ్చే వారం బట్వాడా. కూలీలు ఒకసారి వెళ్లిపోయాక డబ్బు వచ్చినా గుంపు వెంటనే దొరకదు. 2020 నవంబరులో కేంద్రం పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీని (పని పూర్తి చేస్తానని కాంట్రాక్టర్ కట్టే పూచీ సొమ్మును) 5-10 శాతం నుంచి 3కి తగ్గించింది ఈ బిగింపు సడలించడానికే.

ప్రశ్న వేసినవారు

మరి 2.45 సంగతి?

జవాబు 1 (గణాంకి)

అది దేశం మొత్తానికి వేసిన అంచనా, జిల్లాకు అతకదు. జిల్లా దాటిపోయేది తీసేయాలండి. ఉదాహరణకు వందలో 40 స్థానికుల ఆదాయమై, వాళ్లు అందులో సగం జిల్లాలోనే ఖర్చు పెట్టి, అదీ మళ్లీ స్థానికుల ఆదాయమే అవుతుందనుకుంటే: 40 ÷ (1 − 0.5) = 80. అంటే వంద ఖర్చుకు జిల్లా ఆదాయం 80. ఈ 40, సగం అనేవి ఊహలు. మీ అంకెలకు పైన చెప్పిన ఇంటి లెక్క, నాలుగైదు సైట్ల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) తీసుకోండి. కార్మిక సెస్సు వసూలును కొలబద్దగా పెడితే 10 లక్షల లోపు సొంతిళ్లు అసలు కనబడవు, 2020-21లో వాటికి సెస్సు ఉండేది కాదు. పల్లెల్లో సగం పని అదే కావచ్చు.