జూలైలో ఫిషీటింగ్ క్రీక్: కయాకింగ్ చేసినవారు చెప్పగలరా?

మేం ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటాం. జూలై చివర్లో ఎనిమిది మందిమి పామ్‌డేల్ దగ్గర ఫిషీటింగ్ క్రీక్‌లో కయాకింగ్‌కు (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవల్లో ప్రయాణానికి) వెళ్తున్నాం. ఆనకట్టల అడ్డు లేకుండా ఒకీచోబీ సరస్సులో కలిసే వాగు కదా, వానలు బాగా పడితే నీరు సైప్రస్ చెట్ల అడవిలోకి పొంగుతుంది, లేకపోతే ఇసుక తేలుతుంది. పొంగినప్పుడు చెట్ల మధ్య అసలు పాయను ఎలా గుర్తుపడతారు? నీటిలోంచి పొడుచుకొచ్చే సైప్రస్ వేళ్ల తాకిడికి గాలి నింపే కయాక్‌లు తట్టుకుంటాయా, గట్టి ప్లాస్టిక్‌వే అద్దెకు తీసుకోవాలా? మధ్యాహ్నం ఉరుములు మొదలైతే ఒడ్డెక్కే చోటు దొరుకుతుందా?

ఎలిగేటర్లకు దూరంగానే ఉంటాం. నా భయమంతా మా బావగారి గురించి: ఈత రాదు, లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఉక్కపోత అంటారు! చీలిన తోక గద్దలు దక్షిణ అమెరికాకు వలస వెళ్లేముందు ఆ ప్రాంతంలో గుమిగూడతాయి కాబట్టి తేదీ మార్చుకోలేం.